ఈ ముసాఫిర్ పిల్లల ఖర్చు ఎవరి జిమ్మా?

2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల్లోంచి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు. ఎక్కువమంది బిహార్ వాళ్లు. వెంట అమ్మీ లేదు, అబ్బా లేడు. రేపు మన చేవెళ్ల హోటల్లోనో, మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లోనో అలాంటి పిల్లాడు దొరికితే వాడి తిండి, బస, ఊరికి టికెట్ పైసలు ఎవరివి?

సర్కారువి అంటాం. నిజమే, మిషన్ వాత్సల్య కింద కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు భరిస్తాయి. లేదా జకాత్ అంటాం. అదీ సహీ. జకాత్ హక్‌దార్లు ఎనిమిది రకాలు, అందులో ముసాఫిర్ ఒకడు.

మరి మాలిక్ సంగతి? పిల్లాడికి 20 వేల చొప్పున మాలికే కట్టాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. 2016లో సవరించిన చట్టం ప్రకారం జుర్మానా 20 వేల నుంచి 50 వేలు. ఆ పైసలు పిల్లాడి పేరున ఫండ్‌లో జమ కావాలి. జుర్మానా జమైతేనే సర్కారు దానికి 15 వేలు కలుపుతుంది.

అందుకే బుజుర్గులకు నా గుజారిష్: మాలిక్ మనవాడే కదా అని ఠాణాకు సిఫారిష్‌కు పోకండి. కేసు మాఫీ అయితే పిల్లాడికి రెండు రకాల పైసలూ పోతాయి. తర్వాత మనం చందా పోగుచేసి దుప్పటి, బిర్యానీ ఇస్తే అది ఖైరాత్ అవుతుంది కానీ ఇన్సాఫ్ కాదు. ఆకలికి జకాత్ ఇద్దాం, బేషక్. మాలిక్ బాకీ మాత్రం మాలికే కట్టాలి. పిల్లాడు కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.