‘విద్య’లో ఐదక్షరాలట!

‘విద్య’ అన్న మాటలో ఎన్ని అక్షరాలు? ఒకటో తరగతి పిల్లవాడు వి, ద్య అని వేళ్ళు మడిచి రెండంటాడు. కంప్యూటరు ఐదంటుంది, అంతటితో ఊరుకోక, పిల్లవాడి జవాబుకు తప్పు గుర్తు పెడుతుంది. తెలుగు ఉపాధ్యాయులు దీనిని సహించి ఊరుకోవడం తగదని నా వాదం.

అక్షరాలను రంగుల గళ్ళలో చూపే అభ్యాసాలను జావాస్క్రిప్టులో రాస్తారు. క్రియేట్‌ఎలిమెంట్ అనే ఆజ్ఞ గడిని సృష్టిస్తుంది. క్రియేట్‌టెక్స్ట్‌నోడ్ అందులో ఉంచవలసిన అక్షరాన్ని సృష్టిస్తుంది. అపెండ్‌చైల్డ్ రెంటినీ కలుపుతుంది. 1998లో ప్రమాణంగా వెలువడిన ఈ ఆజ్ఞలకు లిపిభేదం లేదు. అదే ఏటి ఎక్స్‌ఎంఎల్ ప్రమాణం మూలకానికి ‘పద్యం’ అని తెలుగు పేరే పెట్టుకోనిచ్చింది. కాబట్టి “తెలుగు కంప్యూటరుకు ఒదగదు” అన్నది వట్టి బుకాయింపు. దోషమంతా మాటను ముక్కలు చేసే చోట ఉన్నది. యూనికోడ్ ‘విద్య’ను వకారం, గుడి, దకారం, పొల్లు, యకారం అని ఐదు సంకేతాలుగా దాస్తుంది. ఇంగ్లీషు అలవాటున సంకేతానికొక గడి కడితే గుడి వకారాన్ని వీడి దిక్కులేనిదై నిలుస్తుంది, యవత్తు నిండు యకారమై కూర్చుంటుంది.

“ఇది ప్రోగ్రామర్ల గొడవ, మనకెందుకు?” అనేవారు ఒకసారి ఉమ్రి వైపు చూడాలి. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న నాందేడ్ జిల్లా ఊరిది. ఇక్కడ ఇంట తెలుగు పలికే పిల్లవాడికి బడిలో దొరికేది మరాఠీ. తెలుగు అక్షరాన్ని అతనికి చూపేది ఆ తెర ఒక్కటే అయినప్పుడు, అది తప్పు చెబితే దిద్దే దిక్కెవరు? మరాఠీ పిల్లలకూ ఈ పీడ తప్పలేదు సుమా! వారి ‘విద్యా’ యంత్రం లెక్కలో ఆరు.

మందు లేకపోలేదు. మాటను అక్షరాలుగా విడదీసే ‘సెగ్మెంటర్’ జావాస్క్రిప్టులోనే ఉన్నది. అదీ మొదట ‘విద్య’ను మూడు చేసేది, సంయుక్తాక్షరాన్ని చీల్చరాదన్న నియమం తెలుగుకూ దేవనాగరికీ యూనికోడ్ 15.1తో, 2023లో గాని రాలేదు. పాత బ్రౌజర్లలో పాత లెక్కే నడుస్తుంది.

కనుక ఏ అభ్యాసాన్నైనా పిల్లల ముందు పెట్టేముందు ‘స్త్రీ’, ‘లక్ష్మి’ అని టైపు చేసి చూడండి. మొదటిది ఒక్క గడిలో, రెండవది రెండు గళ్ళలో ఇమడకపోతే, రాసినవారికే తిప్పి పంపండి.