చందా మనదైతేనే గొంతు మనది



మన చింతాద్రిపేట మగ్గాల పేట. 1734లో ఈస్టిండియా కంపెనీ తన సరుకు కోసం నేతగాళ్లను తెచ్చి ఇక్కడ కాపురాలు పెట్టించింది. దొరలకు మన చేతులు కావాలి, నోరు వద్దు. ఈ నీతి నేటికీ మారలేదు.

1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మూడేళ్లు తిరక్కుండానే బిన్నీ యాజమాన్యం హైకోర్టుకెక్కి వాడియా తదితర నాయకుల మీద నష్టపరిహారం దావా వేసింది. ఆ దెబ్బ తిన్నాకే యూనియన్లకు రక్షణ కావాలని ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో పట్టుబట్టారు. 1926లో చట్టం వచ్చింది.

సంఘాన్ని చంపాలంటే ముందు దాని డబ్బు మీద దెబ్బ కొట్టాలి. హక్కుల సంఘాల మీద నేడు పారుతున్నదీ ఈ పాచికే. విదేశీ విరాళాల చట్టం 1976లో, ఎమర్జెన్సీలో పుట్టింది. 2020 సవరణతో అది ఉరితాడైంది. విరాళం ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖకు రావాలట! పెద్ద సంస్థ చిన్న సంస్థకు అందులోంచి పైసా ఇవ్వకూడదట! పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి దించారు. ఆఫీసు అద్దె, గుమాస్తా జీతం లేకుండా సంస్థ ఎలా నడుస్తుంది? మదురైలోని పీపుల్స్ వాచ్‌కు 2016లో రెన్యువల్ నిరాకరించారు. 2020 సెప్టెంబరులో ఖాతాలు స్తంభించి ఆమ్నెస్టీ ఇండియా పని ఆపేసింది.

ఇదంతా దేశం కోసమేనట! కాంగ్రెస్, బీజేపీ రెండూ ఇదే చట్టాన్ని మీరాయని 2014లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. 2018లో పాలకులేం చేశారు? 1976 నుంచే వర్తించేలా చట్టాన్ని తమకు అనుకూలంగా దిద్దుకున్నారు. వాళ్ల హుండీలో పడితే తీర్థం, హక్కుల సంఘం హుండీలో పడితే విషమా?

మనకు మనం చెప్పుకోవలసిన మాటా ఒకటుంది. పరాయి సొమ్ము మీద నిలిచిన సంఘం ఆ సొమ్ము ఆగిన రోజే కూలుతుంది. 1998లో బాలగోపాల్ తదితరులు స్థాపించిన మానవ హక్కుల వేదిక సంస్థల నిధులు ముట్టకూడదని నియమం పెట్టుకుంది. మన యూనియన్లు బతికిందీ సభ్యుల చందాతోనే.

అర్ధరాత్రి పోలీసులు మన మనిషిని పట్టుకుపోతే స్టేషన్‌కు పరుగెత్తే వకీలుకు బస్సు ఖర్చులు ఎవరివ్వాలి? మనమే! జీతం రోజున యూనియన్ చందాతో పాటు హక్కుల సంఘానికీ పది రూపాయలు తీసి పెట్టండి. రసీదు తీసుకోండి, లెక్క అడగండి. 2020 సవరణలు రద్దు చేయాలని ప్రతి గేటు మీటింగులో తీర్మానం చేయండి.

పది రూపాయలు చిన్న మొత్తమే. వేల చేతులు కలిస్తే దాన్ని ఏ సర్కారూ స్తంభింపజేయలేదు!