కాలు పోతే నడక పోయినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. ఆరు నెలల క్రితం నూర్పిడి యంత్రంలో పడి ఎడమకాలు నలిగిపోతే మోకాలి కింద తీసేశారు. పుండు మానింది. బడి మాన్పించాం. కొయ్యకాలు పెట్టిస్తే పదిమందీ నవ్వుతారని మా అత్తగారంటున్నారు. లేని పాదం నొప్పి పెడుతోందని వాడు రాత్రిళ్లు ఏడుస్తున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఒక పిల్లవాడి సంగతి వినండి. అమెరికాలోని దక్షిణ కెరొలినాలో 1907లో పుట్టిన క్లేటన్ బేట్స్‌ది నిరుపేద నల్లజాతి కుటుంబం. పన్నెండో ఏట పత్తి మిల్లులో పనికెళ్లి, యంత్రంలో పడి ఎడమకాలు పోగొట్టుకున్నాడు. నల్లవాళ్లకు ఆసుపత్రి అందని రోజులవి. ఇంట్లో వంటగది బల్లమీదే కాలు తీశారు. అయినా అతను మూలన కూర్చోలేదు. చీపురుకర్రల ఊతంతో నడిచాడు. తర్వాత బంధువొకాయన కొయ్యకాలు చెక్కి ఇచ్చాడు.

బూటు అడుగున రేకులు బిగించుకుని, పాదాలతోనే నేలమీద తాళం వేసే నాట్యాన్ని ట్యాప్ డాన్సు అంటారు. రెండు కాళ్లున్నవాళ్లకే అది కష్టం. బేట్స్ ఒక బూటుకు, ఒక కొయ్యకాలికి సరిపడేలా అడుగులు కూర్చుకున్నాడు. ఎడ్ సలివన్ టెలివిజన్ కార్యక్రమంలో 20 సార్లకు పైగా ఆడాడు. 1998లో, 91వ ఏట కన్నుమూశాడు. మన 'మయూరి' సినిమా నాయిక సుధాచంద్రన్ కూడా 1981లో ప్రమాదానికి గురై కాలు పోయాక జైపూరు కాలుతో తిరిగి నాట్యం చేశారు.

మీవాడిని నాట్యం చేయించమని నేననను. కదలనివ్వమంటున్నాను. మోకాలు మిగలడం వాడి అదృష్టం. దాన్ని కదపకుండా ఉంచితే వంగి బిగుసుకుపోతుంది. అప్పుడు ఎంత మంచి కాలు తెచ్చినా అమరదు. మోకాలి కింద దిండు పెట్టకండి. రోజుకు రెండు మూడుసార్లు అరగంట చొప్పున బోర్లా పడుకోబెట్టండి. మోకాలు చాచడం, ముడవడం చేయించండి. మొండి భాగాన్ని రోజూ సబ్బుతో కడిగి తడి లేకుండా తుడవండి. సాగే కట్టు చివర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా కట్టాలి. ఎరుపుగానీ పుండుగానీ కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.

లేని పాదం నొప్పి నటన కాదు. పాదం పోయినా దాని కబురు మోసే నరాలు, అందుకునే మెదడు ఉన్నాయి కదా! చాలామందిలో క్రమంగా తగ్గుతుంది. తగ్గకపోతే మందులున్నాయి. కసురుకోకండి.

ఇక ఆలస్యం చేయకుండా కృత్రిమ కాలు పెట్టించండి. జిల్లా ఆసుపత్రిలో అడిగితే ఎక్కడ అమరుస్తారో చెబుతారు. ఎదిగే పిల్లవాడు కనుక దాదాపు ఏడాదికోసారి కొలత సరిచూడాలి. బడికి ఈ వారమే పంపండి. చంకకర్రలతో వెళ్లవచ్చు.

నవ్వేవాళ్ల మాటా? బేట్స్ తన కొయ్యకాలిని దాచుకోలేదు. ఏ రంగు సూటు తొడిగితే ఆ రంగు కొయ్యకాలు పెట్టుకుని రంగస్థలం ఎక్కేవాడు. ఈ మాట మీ అత్తగారికి కూడా చెప్పండి.