విమాన సంస్థల విలీనం: బేగంపేట నుంచి చూస్తే

రెండు పెద్ద విమాన సంస్థలు ఒకటవుతాయన్న ఊహాగానాలు వినిపించగానే చర్చంతా వాటాల ధర, విమానాల సంఖ్య, మార్కెట్‌పై పట్టు చుట్టూ తిరుగుతుంది. ఉద్యోగుల సీనియారిటీ ఏమవుతుంది, చిన్న పట్టణాల సర్వీసులు మిగులుతాయా, ఒక నగరం చేతిలోని నిర్ణయాధికారం ఎక్కడికి తరలిపోతుంది అన్న ప్రశ్నలు ఒప్పందం కుదిరాక గానీ పైకి రావు. సికింద్రాబాద్‌ను ఆనుకుని ఉన్న బేగంపేట విమానాశ్రయం ఈ ప్రశ్నలను ఏడు దశాబ్దాల కిందటే ఎదుర్కొంది.

నిజాం ప్రభుత్వం అధిక వాటాతో, టాటాల భాగస్వామ్యంతో 1945లో ఏర్పాటు చేసిన డెక్కన్ ఎయిర్‌వేస్ మరుసటి ఏడాది నుంచి బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలను మద్రాసు, బెంగళూరు, ఢిల్లీ నగరాలకు నడిపింది. వాణిజ్య విమానాలు నడిపిన తొలి భారతీయ మహిళ ప్రేమ్ మాథుర్‌కు, ఇతర సంస్థలు కాదన్న తర్వాత, పైలట్‌గా అవకాశం ఇచ్చింది ఈ సంస్థే. యుద్ధానంతరం మిగులు డకోటాలు చవకగా దొరకడంతో కంపెనీలు వరసగా పుట్టుకొచ్చాయి. ప్రయాణికుల సంఖ్యకు మించి లైసెన్సులు ఇచ్చారని తేల్చిన రాజాధ్యక్ష కమిటీ, 1950లో, కంపెనీలు స్వచ్ఛందంగా విలీనం కావాలని సూచించింది. కంపెనీలు తమంతట తాము కలవలేదు. చివరకు 1953 ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం కింద డెక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది కంపెనీల సర్వీసులు ఆ ఏడాది ఆగస్టు 1న ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. నష్టాల్లో ఉన్న కంపెనీలకు అది ఆసరా అయినా, ఏ మార్గంలో ఎన్ని విమానాలు నడపాలన్న నిర్ణయం మాత్రం హైదరాబాద్ చేతి నుంచి ఢిల్లీకి వెళ్లిపోయింది. తర్వాతి కాలంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ కేంద్ర శిక్షణ సంస్థ బోయిన్‌పల్లి సమీపంలోని ఫిరోజ్‌గూడకు వచ్చింది. నేల మీదే కాక్‌పిట్ అనుభవాన్నిచ్చే సిమ్యులేటర్లలో పైలట్లు అక్కడ తర్ఫీదు పొందారు. శిక్షణ కేంద్రం ఏ నగరానికైనా గౌరవమే గానీ, సొంత విమాన సంస్థ ఉండటంతో అది సాటి రాదు.

2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఎయిర్ ఇండియాతో కలిపినప్పుడు కాగితం మీది విలీనానికీ అసలు విలీనానికీ మధ్య దూరం బయటపడింది. రెండు సంస్థల్లో పదోన్నతి వేగం ఒకటి కాదు. ఒకే ఏడాది ఉద్యోగంలో చేరిన ఇద్దరు పైలట్లలో ఒకరు కమాండర్ హోదాకు చేరగా, మరొకరు కో-పైలట్‌గానే ఉండిపోయే పరిస్థితిలో, ఉమ్మడి జాబితాను చేరిన తేదీని బట్టి కూర్చినా, హోదాను బట్టి కూర్చినా ఒక వర్గానికి నష్టం తప్పదు. ఈ చిక్కుముడిని విప్పడానికి నియమించిన జస్టిస్ ధర్మాధికారి కమిటీ 2012లో గానీ నివేదిక ఇవ్వలేదు. కొత్త బోయింగ్ 787 విమానాల శిక్షణలో ఎవరికి చోటు దక్కాలన్న తగాదాతో అదే ఏడాది పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం 2022 జనవరి 27న ఎయిర్ ఇండియాను టాటాలకు అప్పగించాక, 2024 నవంబరు 12న విస్తారా అందులో విలీనమైంది. దానికి కొన్ని నెలల ముందే కొత్త జీతాల విధానంపై విస్తారా పైలట్ల అసంతృప్తి కారణంగా పలు విమానాలు రద్దయ్యాయి. ఐదేళ్లు పట్టిన పాత పాఠాన్ని యాజమాన్యాలు ఇంకా తలకెక్కించుకోలేదనే అనుకోవాలి.

ఇప్పుడు దేశీయ ప్రయాణికుల్లో దాదాపు పది మందిలో తొమ్మిది మంది ఇండిగోలోనో, ఎయిర్ ఇండియా గ్రూపులోనో ఎక్కుతున్నారు. సిబ్బంది విశ్రాంతి నిబంధనలు కఠినమయ్యాక 2025 డిసెంబరు తొలి వారంలో ఇండిగో వేలాది విమానాలను రద్దు చేయగా, శంషాబాద్‌లోనూ ప్రయాణికులు గంటల తరబడి నిలిచిపోయారు, మిగిలిన టికెట్ల ధరలు ఆకాశాన్నంటాయి. 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500 రూపాయలు మించరాదంటూ కేంద్రం పరిమితి విధించవలసి వచ్చింది. పోటీ ఉన్న మార్కెట్‌లో ఒక సంస్థ తడబడితే ఇంత కల్లోలం పుట్టదు.

విలీన ప్రతిపాదనలను పరిశీలించే కాంపిటీషన్ కమిషన్ సాధారణంగా బయలుదేరే ఊరు, చేరే ఊరు కలిపి ఒక మార్కెట్‌గా లెక్కించి, ఆ మార్గంలో రెండు సంస్థలూ తలపడుతున్నాయా అని చూస్తుంది. విస్తారా విలీనానికి 2023లో ఆ సంస్థలు స్వచ్ఛందంగా ఇచ్చిన హామీల మీదే ఆమోదం తెలిపింది. అయితే ఒకే సంస్థ విమానాలు నడిపే చిన్న మార్గంలో తలపడటానికి రెండోది ఉండదు కాబట్టి అలాంటి మార్గం ఈ పరీక్షలోకే రాదు. చిన్న పట్టణాలను విమానాలతో కలిపే ఉడాన్ పథకం సర్వీసులు 2017 ఏప్రిల్‌లో మొదలైన నాడే కడప, నాందేడ్‌లను హైదరాబాద్‌తో కలిపిన ట్రూజెట్, హైదరాబాద్ కేంద్రంగా పుట్టిన సంస్థ, 2022లో ఆగిపోయినప్పుడు కడప, నాందేడ్ వంటి ఊళ్ల ప్రయాణికులకు ఎదురైన ఇబ్బంది ఏ విలీన లెక్కలోనూ కనిపించదు. రాబోయే ప్రతిపాదనల్లో ఒంటరి మార్గాలను కనీసం కొన్నేళ్లు కొనసాగించాలన్న షరతును, ఉమ్మడి సీనియారిటీ జాబితాను, ఆమోదం తర్వాత కాకుండా ఆమోదానికి ముందే కమిషన్, పౌర విమానయాన శాఖ కోరి తీరాలి.