పోపుల డబ్బాలో పదకొండు లైన్లు

పదకొండంటే పదకొండే లైన్లు! ప్రోగ్రామింగ్‌ కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడైనా కాసేపు కూర్చుంటే రాసేయగల కోడు. అది కాస్తా ఒకరోజు మాయమయ్యేసరికి వేల సాఫ్ట్‌వేర్‌ ప్రాజెక్టుల్లో పని నిలిచిపోయింది.

దాని పేరు లెఫ్ట్‌ప్యాడ్‌. హాల్‌టికెట్‌ మీద 7ని 007గా చూపాలనుకోండి... ఎడమపక్క రెండు సున్నాలు చేర్చిపెడుతుంది, అంతే. అజెర్‌ కోచులు అనే ప్రోగ్రామర్‌ దాన్ని రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చంటూ ఎన్‌పీఎంలో ఉంచాడు. జావాస్క్రిప్ట్‌ భాషలో పనిచేసేవాళ్లు కోడును ప్యాకేజీలుగా కట్టి పంచుకునే గోదాం లాంటిదది.

ఆయన మరో ప్యాకేజీ పేరు కిక్‌. అదే పేరుతో మెసేజింగ్‌ యాప్‌ నడిపే కంపెనీ ఆ పేరు తమకు కావాలంది. ఆయన కాదన్నాడు. ఎన్‌పీఎం మాత్రం పేరును కంపెనీకే ఇచ్చింది. దాంతో 2016 మార్చి 22న కోచులు తన ప్యాకేజీలన్నీ... 250కి పైగానే... తీసేశాడు. వాటితోపాటే లెఫ్ట్‌ప్యాడూ పోయింది.

ఇబ్బందిపడ్డవాళ్లలో చాలామంది దాని పేరైనా వినలేదు. వాళ్లు వాడే ప్యాకేజీ ఇంకోదాని మీద, అది మరోదాని మీద ఆధారపడుతూ పోతే చిట్టచివర ఉన్నది లెఫ్ట్‌ప్యాడ్‌. ఎంతో పేరున్న బాబెల్‌ కూడా అలా చిక్కుకున్నదే. అచ్చం అలాంటి కోడునే మరొకరు నిమిషాల్లో తెచ్చిపెట్టినా గొడవ సద్దుమణగలేదు. చాలా ప్యాకేజీలు పాత 0.0.3 వెర్షనే కావాలని రాసుకున్నాయి మరి! చివరికి ఎన్‌పీఎం ఆ పాతదాన్నే తిరిగి ఉంచాల్సివచ్చింది.

ఇంతకీ అందరికీ పనికొచ్చే చిన్న పనిముట్లను ఎలా సర్దుకోవాలి? వంటింట్లో ఆవాలకో సీసా, జీలకర్రకో సీసా పెట్టుకుంటే దేనికది తేలిగ్గానే ఉంటుంది. కానీ పోపు వేసే ప్రతిసారీ పది మూతలు తీయాలి. అందుకే పోపుల డబ్బా. జావా భాషలో 2001లో మొదలైన జకార్తా కామన్స్‌ది ఆ దారే. ఇప్పుడది అపాచీ కామన్స్‌. ఒక జాతి పనులన్నీ ఒక డబ్బాలో ఉంటాయి, వాటిని ఒక్కరు కాకుండా బృందం చూసుకుంటుంది. వాడుకలో ఉన్నవి ఒకచోట, ప్రయోగదశలోవి మరోచోట, ఎవరూ పట్టించుకోనివి ఇంకోచోట ఉంచుతారు. ఒక డబ్బా మరోదాని మీద వీలైనంత తక్కువగా ఆధారపడాలన్నది అక్కడి పద్ధతి.

అలాగని డబ్బా మరీ పెద్దదైతే చిటికెడు ఆవాల కోసం మొత్తం మోసుకురావాలి. జావాస్క్రిప్ట్‌లోని లోడాష్‌ దీనికి మధ్యేమార్గం చూపింది. కావాలంటే అంతా తెచ్చుకోవచ్చు, లేదంటే అవసరమైన ఒక్క పనిముట్టే తీసుకోవచ్చు.

లెఫ్ట్‌ప్యాడ్‌ ఉదంతం తర్వాత ఎన్‌పీఎం నిబంధనలు మార్చింది. పదిమంది ఆధారపడిన ప్యాకేజీని రాసినవాళ్లయినా అనుకున్నదే తడవుగా తీసేయడం ఇక కుదరదు. 2017లో ఎడమపక్క సున్నాలు చేర్చే సదుపాయం జావాస్క్రిప్ట్‌ ప్రమాణాల్లోనే చేరింది. ఒకప్పుడు ఒక్కరి దయమీద నడిచిన ఆ చిన్న పని ఇప్పుడు భాషలోనే భాగం. కానీ ఒక్కరే ఓపిగ్గా చూసుకుంటున్న ప్యాకేజీలు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. ఉచితంగా వచ్చిందని తెచ్చుకునే ముందు దాని వెనక ఎందరున్నారో ఒక్కసారి చూసుకోవడం మంచిది.