కరియ పాదం

రాత్రి వీధి సద్దుమణిగాక మా వరండాలో ఒక చప్పుడు మొదలయ్యేది. కడప బండల మీద వెనక కాలు టపటపా కొట్టుకునే చప్పుడు. కరియ గోక్కుంటున్నాడన్నమాట. కాసేపు ఆగేవాడు, గొలుసు గలగలమనేది, మళ్లీ మొదలు.

మాది తెలుగిల్లు, కుక్క పేరు కన్నడం. బళ్లారిలో ఇది వింతేమీ కాదు. 1953 అక్టోబరు 1న పాత జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, మా ఊరు మైసూరులో కలిసింది. మాటల్ని మాత్రం ఎవరూ పంచుకోలేదు. మేం తీట అంటే పక్కింటావిడ తీటె అంటుంది. మన గజ్జి ఆమెకు కజ్జి. కరియను చూసి ఆమె "కజ్జి ఆగిదె" అంది. మేమూ గజ్జే అనుకున్నాం.

అమ్మ వేపాకు, పసుపు నూరి పట్టించింది. తెలిసినాయన ఒకరు, వాడి మీద జాలితోనే, బండి ఇంజన్లోంచి తీసిన పాత ఆయిలు పూయమన్నాడు. మా వైపు అలా పూసేవాళ్లున్నారు. ఎందుకో నాకు చేయి రాలేదు. రాకపోవడమే మంచిదైంది. కుక్క ఒళ్లు నాక్కుంటుంది కదా, ఆ విషమంతా కడుపులోకే పోయేది. మేం చేసిన తప్పు వేరే ఉంది. మేం వాడే సబ్బుతోనే వాణ్ణి వారానికి రెండుసార్లు రుద్ది రుద్ది కడిగాం. కుక్క పైచర్మం మనదానికంటే పలచన. మన సబ్బుకు అది ఎండిపోయి తీట ఇంకా పెరుగుతుంది.

చివరికి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన మొదట అడిగింది ఒక్కటే: "ఎక్కడ గోక్కుంటాడు?"

ఐదేళ్లుగా ఒకే గడపలో ఉన్నాం. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

ఆయన పేల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి దూది మీద వేశారు. మట్టి అనుకున్నాను. చూస్తుండగానే ఒక్కో నలుసు చుట్టూ ఎర్రటి మరక పాకింది. అది కరియ నెత్తురే. బొచ్చులో గెంతుతూ తిరిగే చిన్న పురుగులు తాగి, అరిగించుకుని వదిలింది. చర్మం కాస్త గీకి మైక్రోస్కోపు కింద కూడా చూసి, గజ్జి కాదన్నారు. అలర్జీ. ఆ పురుగు ఉమ్మి పడని కుక్కకు ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి ఒళ్లంతా తీటే.

ఈ అలర్జీ గురించి చదువుతుంటే ఒక సంగతి మనసును పట్టేసింది. 1902లో ఫ్రాన్స్‌లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే సముద్రజీవి విషాన్ని కుక్కలకు కొద్దికొద్దిగా ఎక్కించి చూశారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, రెండోసారి ఎక్కించాక అరగంటలోపు ప్రాణం విడిచింది. దాని పేరు నెప్ట్యూన్. ఒంటికి పడని దాన్ని ఒళ్లు గుర్తుపెట్టుకుంటుందన్న సంగతి అలా బయటపడింది. 1913లో రిషేకు నోబెల్ వచ్చింది. మన పిల్లలకు ఇవాళ పడని మందేదో ముందే కనుక్కుని కాపాడుకుంటున్నామంటే, అందులో ఆ నోరులేని జీవి వంతు ఉంది.

కరియకు భుజాల మధ్య, నాలుక అందని చోట, నెలకోసారి చుక్కలమందు వేస్తున్నాం. పిల్లి కూడా ఉన్న ఇల్లయితే అడిగి మరీ వేయాలి. కుక్కల మందుల్లో కొన్ని, పర్మెత్రిన్ ఉన్నవి, పిల్లికి ప్రాణాంతకం. మందు ఒళ్లంతటికీ చాలినా ఇంటికి చాలదు. ఆ పురుగుల గూళ్లు బండల సందుల్లో నెలల తరబడి దాక్కుంటాయి. సందులన్నీ ఊడ్చాం. వాడు పడుకునే గోనెసంచిని వేడినీళ్లలో ఉడికించి ఎండేశాం. ఎండకు మా ఊళ్లో కరువేముంది!

బొచ్చు మళ్లీ వచ్చింది. రాత్రుళ్లు చప్పుడు తగ్గింది. అయినా మొన్న వానలకు రోడ్డు పక్కన కాంగ్రెస్ గడ్డి తెల్లగా పూసిందో లేదో, వాడు ముందరి పాదాలు నాకడం మొదలుపెట్టాడు. వేళ్ల సందున బొచ్చు తుప్పు రంగుకు తిరిగింది. నాకీ నాకీ ఉమ్మికి పట్టే రంగట అది. గాలిలో పుప్పొడో, ధూళో, తిండిలో ఏదైనా పడటం లేదో, ఇంకా వెతుకుతున్నాం. కోడిమాంసం, పాలు ఆపి రెండు నెలలు చూడమన్నారు. అలర్జీ పూర్తిగా పోయేది కాదట, అదుపులో పెట్టుకునేదట.

అందుకని సాయంత్రం వాకింగ్ నుంచి రాగానే తడిబట్టతో పాదాలు తుడిచి, వేళ్ల మధ్య విప్పి చూసి, చెవి మడిచి వాసన చూస్తున్నాను. మొదట్లో గింజుకునేవాడు. ఇప్పుడు నేను చెప్పులు విప్పి గడప మీద కూర్చోగానే వచ్చి, పిలవకుండానే కుడి పాదం ఒళ్లో పెడతాడు. అది అయ్యాక ఎడమది.