మాక్స్‌కి శిక్ష పడిందిగా, సంతోషమేనా?

ముందే చెప్తున్నా, ఇందులో అన్నీ స్పాయిలర్లే. హాలీ జాక్సన్ 'ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్' మూడు పుస్తకాలూ చదవనివాళ్ళు చదివొచ్చాకే నన్ను తిట్టండి.

మూడోది 'యాజ్ గుడ్ యాజ్ డెడ్', 2021లో వచ్చింది. హైదరాబాద్ హాస్టల్లో ఒక్క రాత్రిలో ముగించాను. చివర్లో మాక్స్ హేస్టింగ్స్ దోషి అని తీర్పు రాగానే చప్పట్లు కొట్టినంత పని చేశాను. మొన్న వేసవిలో మళ్ళీ చదివాను, ఈసారి మా అమ్మ జిరాక్స్ షాపులో. భద్రాచలం అడవి అంచునున్న ఒక టౌన్లో, కోర్టు ఎదురుగా ఉంటుందా షాపు. ఈసారి చప్పట్లు రాలేదు. 'ఇంతకన్నా మంచి ముగింపు లేదు' అనే వాళ్ళందరితో, పాత నాతో సహా, నాకు పేచీ ఉంది.

కథ గుర్తుచేస్తాను. పిప్‌ని ఎవడో వెంటాడుతుంటాడు. పోలీసులకు చెప్తే పట్టించుకోరు. వాడు జేసన్ బెల్, వరస హత్యలు చేసినవాడు. ఆ హత్యలు తనే చేశానని ఒప్పుకుని బిల్లీ కారస్ అనే అమాయకుడు జైల్లో ఉంటాడు. పిప్ జేసన్ చేతికి చిక్కుతుంది, తప్పించుకుంటుంది, వెనక్కొచ్చి చంపేస్తుంది. ఆ హత్యను మాక్స్ మీదికి నెడుతుంది. అతనికి మత్తుమందిచ్చి, అతని బూట్ల అచ్చులు వేసి, అతని కారు వాడి, చనిపోయిన టైము కూడా తారుమారు చేసి. మాక్స్ రేపిస్టు, కోర్టు నిర్దోషి అని వదిలేసినవాడు. అందుకే మనకి ఒళ్ళు పులకరిస్తుంది.

పిప్ కోపాన్ని నేను తప్పుపట్టను. ఆ కోపం మనకి కొత్తా? 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. దర్యాప్తు సరిగ్గా జరగలేదని ఆ కోర్టే తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. ఇలాంటివి విన్నాక 'చట్టాన్ని నమ్ముకో' అని ఏ పిప్‌కీ నేను చెప్పలేను.

కానీ దొంగ సాక్ష్యం సంగతి వేరు.

షాపుకి ఒక కోయ పెద్దాయన వచ్చాడు. పాలిథిన్ కవర్లోంచి చార్జిషీటు తీసి అమ్మకిచ్చాడు. కాపీలు వస్తుంటే నావైపు తిరిగి, "ఏం రాసిండ్రు బిడ్డా ఇందులో? జర సదివి చెప్పు" అన్నాడు. పోడు కోసం చెట్లు నరికిన కేసు. ఫలానా రోజు పట్టుకున్నట్టు, గొడ్డలి స్వాధీనం చేసుకున్నట్టు, పంచనామా మీద ఇద్దరి సంతకాలు. "ఆ రోజు నేను ఊళ్ళనే లేను. బిడ్డ కాన్పుకి పోయిన. ఆ గొడ్డలి నాది గాదు" అన్నాడు. అది నిజమో కాదో నేను తేల్చలేను. ఆయన వాయిదాకి వెళ్ళిపోయాక పుస్తకం తెరిస్తే, పిప్ మాక్స్ బూట్లు తొడుక్కుని బురదలో నడుస్తోంది. ఆ పేజీ దాటడం నావల్ల కాలేదు.

నవల్లో మాక్స్ డబ్బున్నవాడు, మంచి లాయరున్నవాడు, తప్పు చేశాడని మనకి ముందే తెలిసినవాడు. రచయిత్రి మన పని సులువు చేసిపెట్టింది. బయట తప్పుడు కేసు పోయి పోయి అలాంటివాళ్ళ మీద పడదు. 2007 డిసెంబర్లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఆయేషా మీరాను చంపేశారు. దొరికింది ఎవరు? సత్యంబాబు అనే పేద దళిత యువకుడు. అతను కాదని ఆయేషా తల్లిదండ్రులే మొత్తుకున్నారు. అయినా 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. నవల్లో బిల్లీ కారస్ ఇతనే. కానీ బిల్లీ గురించి మాట్లాడే పాఠకుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

'దోషి అని తెలిశాక దారి ఏదైతేనేం' అంటారా? 2019 డిసెంబర్ 6న దిశ కేసు నిందితులు నలుగురినీ కాల్చేశాక పోలీసుల మీద పూలు చల్లాం. చంపాలనే కాల్చారని సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. పూలు చల్లినవాళ్ళలో ఎంతమంది దాన్ని చదివారు?

ఇక రవి. 'లవ్ అంటే రవిలా ఉండాలి' అని పోస్టులు పెట్టుకుంటాం. రవి ఎవరు? సాల్ సింగ్ తమ్ముడు. మొదటి పుస్తకమంతా దేని గురించి? సాల్ గోళ్ళలో ఆండీ రక్తం పెట్టి, ఫ్రెండ్స్ చేత అలిబై మార్పించి, చంపి ఆత్మహత్యగా చూపించి, ఊరంతటికీ వాడే హంతకుడని నమ్మించడం గురించి. ఆ ఇంటి గోడలు, అమ్మానాన్నల ముఖాలు చూస్తూ పెరిగిన కుర్రాడు, మూడో పుస్తకంలో అదే పనికి సాయం పడతాడు. ఒక్క రాత్రైనా 'మా అన్నకీ ఇలాగే చేశారు కదా' అని తల పట్టుకుని కూర్చోవాలి కదా. ఆ బరువును ప్రేమ కింద దాచేసింది నవల. ప్రేమంటే కలిసి శవాన్ని సర్దడం, కలిసి నోరు మూసుకోవడం అయిపోయింది. పిప్ అతనికి దూరమవుతుంది, నిజమే. మనం ఏడ్చేది ఆ ఎడబాటుకే తప్ప దొంగ సాక్ష్యానికి కాదు.

పుస్తకం పారేయమనడం లేదు. పిప్ భయాన్ని, నిద్రలేని రాత్రుల్ని ఇంత బాగా రాసిన టీనేజ్ నవలలు నేను చాలా తక్కువ చదివాను. అందుకే ఇంత కోపం. మీకూ నచ్చితే ఒక్క పని చేయండి. మూడోది పూర్తవగానే మొదటిది మళ్ళీ తెరవండి. ఈసారి సాల్ వైపు నుంచి చదవండి.